అన్న బుడగల వెంట

ఆ చలికాలం పడవ మీద మా నాన్న నాతో అన్న మొదటి మాట, "అది మీ అన్న కూచునే చోటు. నీ సంచీ తియ్యి."

తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. నవంబరులో మా అన్న విల్బెర్ మా పడవ దిగి హోటలు వాళ్ళ పడవెక్కాడు. వదినకు అప్పుడు ఆరో నెల. హోటలు వాళ్ళు పదిహేను రోజులకోసారి జీతమూ, కాన్పుకు ఆసుపత్రి ఖర్చూ ఇస్తామన్నారు. ఇందులో తప్పేముందో నాకైతే ఈ నాటికీ తెలియదు. నాన్న మాత్రం కొడుకు శత్రువుల కోటలో కొలువుకు చేరినట్టు మాట్లాడడం మానేశాడు, పేరెత్తడం కూడా మానేశాడు. గైడు లేకుండా డైవింగ్ పడవ నడవదు. నాకు గైడు లైసెన్సు ఉంది. ఉండీ, అప్పటికి నాలుగేళ్ళుగా రేవు పక్క కొట్లో డైవింగ్ మాస్కులు అమ్ముకుంటున్నాను. నాన్న నన్ను పిలవలేదు. అమ్మతో, "లీహియాను రేపు పొద్దున్నే రమ్మను" అన్నాడు. నేను ఆ పక్క గదిలోనే ఉన్నాను.

పడవ పేరు లా తెర్కా. మొండిది అని అర్థం. అమ్మను ఉద్దేశించి పెట్టానని నాన్న ఊరంతా చెప్పుకుంటాడు. అమ్మ విని ఊరుకుంటుంది, అద్దంలో చూసుకుంటే ఆయనకే తెలుస్తుందిలే అని.

మా కోజుమెల్ దీవి పక్కన లంగరు వేసి నీళ్ళలో దిగడమనే మాట లేదు. దీవి వెంబడి పగడపు గోడ నిలువునా పాతాళంలోకి దిగిపోతుంది, దాన్ని ఒరుసుకుంటూ ప్రవాహం ఉత్తరానికి పరుగెడుతూ ఉంటుంది. మనిషి దిగి ఊరికే ఉంటే చాలు, అదే మోసుకుపోతుంది. పైన పడవవాడు మన బుడగలను చూసుకుంటూ వెంట వస్తాడు. మనం తేలేసరికి అతను పక్కనే ఉండాలి. కాబట్టి కింద ఉన్నవాడి ప్రాణం సగం సిలిండర్లో, సగం పైవాడి కళ్ళలో ఉంటుంది.

ఆ కళ్ళకు మా నాన్న నసారియో సితుక్ పేరు మోసినవాడు. నీళ్ళ మీద పగిలే బుడగల్ని చూసి కింద ఎంతమంది ఉన్నారో, ఎవరు భయపడుతున్నారో, ఎవరికి గాలి అయిపోవచ్చిందో చెప్పేవాడు. మిగతా పడవల గైడ్లు పైకి వచ్చే ముందే కింది నుంచి నారింజ రంగు గాలి గొట్టం ఒకటి తాడు కట్టి పైకి వదులుతారు, పడవవాడికి గుర్తుగా. మా ఇంట్లో ఆ అలవాటు లేదు. "కింద నించి గొట్టం వదిలావంటే పైనోడు గుడ్డోడని ఊరంతా దండోరా ఏసినట్టే" అనేవాడు నాన్న. అన్న మా పడవ మీదున్న పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ వదల్లేదు. ఆ పౌరుషం నాకూ ఉంది. మా ఇంటి పౌరుషం అంతా కలిపి అమ్మితే కొత్త ఇంజనొకటి వచ్చేది.

అన్న బుడగలు నాకు కూడా తెలుసు. ఒక పెద్దది, వెంటనే రెండు చిన్నవి. ఊపిరి వదలడం అయిపోయాక ఏదో గుర్తొచ్చి నవ్వినట్టు ఉంటుంది.

నావి నాన్నకు నచ్చలేదు.

"కనబడి చావవేం?" అని మొదటి వారంలోనే అడిగాడు. "ఊపిరి తీస్తన్నావా, దాచుకుంటన్నావా?"

"గాలి పొదుపు, నాన్నా."

"పొదుపు వంటింట్లో చెయ్యి. సముద్రంలో నాకు కనబడాల."

"నువ్వు చూస్తే కనబడతాయి."

"ఏం కూశావ్?"

"ఏం లేదు. సిలిండర్లు బిగిస్తన్నా."

డిసెంబరంతా ఉత్తరపు గాలులు. మూడు రోజులు ఊదుతాయి, రేవులో ఎర్ర జెండా ఎగురుతుంది, పడవలన్నీ తాళ్ళకు కట్టిన దూడల్లా ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఉంటాయి. తర్వాత రెండు రోజులు తెరిపి. ఆ చల్లటి నీళ్ళకే చుక్కల టేకు చేపలు వస్తాయి. మనిషి నిలువుకంటే వెడల్పైన రెక్కలు, నల్లటి వీపు మీద తెల్ల చుక్కలు, ఇంత పొడుగు తోక. అవి దీవికి ఉత్తరపు కొసన, లోతు గోడ దగ్గర గుంపులు కడతాయి. ప్రవాహం అన్నిటికంటే వడిగా ఉండేదీ అక్కడే. అక్కడ గోడ అయిపోయాక ఇక దీవి లేదు. నీళ్ళే, క్యూబా దాకా.

సోమవారం సోమవారం మా ఇళ్ళల్లో పంది మాంసం వేసిన నల్ల చిక్కుళ్ళు వండుతారు. పెళ్ళయి వేరు పడ్డా అన్న ఏ సోమవారమూ తప్పేవాడు కాదు. ఇప్పుడు రావడం లేదు. అయినా అమ్మ నాలుగు గిన్నెలు పెట్టేది.

"ఆ నాలుగోది ఎవరికి?" అన్నాడు నాన్న ఒకసారి.

"ఆకలేసినోడికి."

"ఈ ఇంట్లో ముగ్గురమే."

"కోపం నీది, చిక్కుళ్ళు నావి. నా గిన్నె జోలికి రాకు."

నాన్న ముల్లంగి ముక్క నములుతూ గోడ వైపు చూశాడు. నేను మధ్యలో కూచుని నవ్వాపుకున్నాను. కానీ లోపల నాకు మండేది, నిజం చెప్పొద్దూ? ఇంట్లో లేనివాడికి గిన్నె, పడవలో లేనివాడికి చోటు. ఉన్నదాని సంచీకి జాగా లేదు.

జనవరి చివర పువెబ్లా పట్నం నుంచి టీచరమ్మలు దిగారు. అంపారో, ఒబ్దూలియా అని అక్కచెల్లెళ్ళు, ఇద్దరూ అరవై దాటి రిటైరైనవాళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. ఏడేళ్ళుగా ప్రతి చలికాలం మా పడవకే వస్తారు, టేకుల గుంపును చూద్దామని. ఏడేళ్ళూ చూడలేదు. వాళ్ళు వస్తే గాలి లేస్తుందని రేవులో సామెత అయిపోయింది. ఆ ఏడు కూడా దిగిన రోజే ఎర్ర జెండా ఎగిరింది.

"నీవల్లే," అంది అంపారో చెల్లెలితో.

"నేనేం చేశాను? విమానం దిగాను."

"అదే చేశావ్."

నాలుగో రోజు జెండా దిగింది. గాలి పడిపోయింది కానీ నీళ్ళు ఇంకా సర్దుకోలేదు, నడుమెత్తు అలలు ఉన్నాయి. ఉత్తరపు కొసకు వెళ్ళాం. అక్కడ అప్పటికే హోటలు వాళ్ళ పెద్ద తెల్ల పడవ ఉంది, దాని వెనకభాగాన అన్న నలుగురు మనుషులకు పట్టీలు బిగిస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను ఊపాను. నాన్న ఇంజను వైపు వంగి లేని చెత్తేదో ఏరాడు.

"దిగండి," అన్నాడు.

దిగాం. ఒక నిమిషం తేడాలో వాళ్ళూ దిగారు.

ముప్పై మీటర్ల దాకా తలకిందులుగా జారాం. గోడ పక్కనే ఉంది, బస్సు కిటికీలోంచి చూసినట్టు పరుగెడుతోంది. గోనె సంచులంత స్పాంజీలు, విసనకర్రల్లాంటి పగడాలు వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోతున్నాయి. ఎడమ చేతి వైపు నీలం, దానికి అడుగు లేదు. అన్న తన మనుషుల్ని గోడ పైఅంచున, లోతు తక్కువలోనే ఉంచాడు. అక్కడ ప్రవాహం నెమ్మది. నేను టీచరమ్మల్ని బయటికి, లోతుకు తీసుకుపోయాను. ఎందుకంటే ఆ నీలంలో ఏదో కదిలింది.

ఇరవై రెండు. లెక్కపెట్టాను. ప్రవాహానికి ఎదురు తిరిగి, రెక్క ఆడించీ ఆడించనట్టు, ఉన్నచోటనే నిలబడ్డాయి. మేం వాటి మధ్యలోంచి కొట్టుకుపోయాం. ఒకటి నా మాస్కుకు మూరెడు దూరంలో తల తిప్పి నన్ను చూసింది, పంది మూతిలాంటి మూతి, బుద్ధిమంతుల కళ్ళు. వెనక ఒబ్దూలియా నోట్లో సిలిండరు పైపు పెట్టుకునే కేకలు వేస్తోంది. అంపారో ఆమె చెయ్యి పట్టుకుంది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, మాస్కులో అవెక్కడికి పోతాయి! ఇవాళ నాన్న నన్ను గైడంటాడు అనుకున్నాను.

గాలి తగ్గింది. తేలేముందు ఒళ్ళు సర్దుకోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఆగాం. తలెత్తి చూశాను. మామూలుగా ఆ పాటికి లా తెర్కా అడుగు నల్లగా నెత్తిన కనబడుతుంది. కనబడలేదు.

తేలాం. చుట్టూ తిరిగి చూశాను. పడవ లేదు.

అల మీదికి ఎక్కినప్పుడు దక్షిణాన, చాలా దూరంలో రెండు పడవలు కనబడ్డాయి. ఒకటి తెల్లది. రెండోది మాది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మా పడవ మూతి అటు తిరిగి ఉంది. నాన్న ముందుకు వంగి నీళ్ళలోకి చూస్తున్నాడని నాకు అంత దూరం నుంచీ తెలిసింది. ఎవరి బుడగల్ని చూస్తున్నాడో కూడా తెలిసింది. భయం తర్వాత వేసింది. మొదట వచ్చింది కోపం.

జాకెట్లోంచి నారింజ గొట్టం తీసి, ఊది నిలబెట్టాను. ఈల ఊదాను. ఈల అలల్లో చచ్చిపోయింది.

"అమ్మాయ్, పడవేదీ?" అంది అంపారో.

"వస్తంది టీచరమ్మా."

"ఎటునించి?"

నేను తాడు వెతుక్కున్నాను. ఆమె బడిలో ముప్పై ఏళ్ళు అబద్ధాలు పట్టుకున్న మనిషి. నా ముఖం చూసి చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది.

బరువుల పట్టీలు వదిలించాను, ముగ్గురి జాకెట్లూ తాడుతో కలిపి కట్టాను. తూర్పున దీవి అంచు మీద మడచెట్లు పచ్చగా కనబడుతున్నాయి. ఒక్కో చెట్టు వేరు వేరుగా కనబడుతున్నంతసేపు ఫరవాలేదు అని మనసులో పెట్టుకున్నాను. కాసేపటికి అవి ఒక గీత అయ్యాయి. ఆ గీత కొస దగ్గర ఆగిపోయింది, దాని అవతల ఏమీ లేదు. మేం ఆ ఏమీ లేనివైపే పోతున్నాం.

"ఒబ్దూలియా, ప్రార్థన చెయ్యి," అంది అంపారో.

"నువ్వు చెయ్యొచ్చుగా?"

"నేను చేస్తే వినడు. నాకూ ఆయనకూ మాటల్లేవు."

"అరవై ఏళ్ళుగా ఇదే వరస లీహియా, దేవుడితో సహా అందరితోనూ పోట్లాటే," అని ఒబ్దూలియా మొదలుపెట్టింది. సగంలో ఆపి, "ఇరవై రెండు కదూ?" అంది.

"ఇరవై రెండే."

"ఎవరికైనా చెప్పేదాకా నేను చావను," అంది. చెల్లెలి తలని అంపారో తన భుజానికి ఆనించుకుంది. నాకు పళ్ళు టకటకమంటున్నాయి. నాకు ముప్పై ఒకటి, వాళ్ళిద్దరూ నన్ను నమ్ముకుని దిగారు. గొట్టం ముందే వదిలి ఉంటే నాన్న కాకపోయినా ఎవడో ఒకడు చూసేవాడు. పౌరుషానికి పోయి ముగ్గురు ఆడవాళ్ళం క్యూబా దారి పట్టాం. నాన్నను తిట్టుకున్నాను, అన్నను తిట్టుకున్నాను, చివరికి నన్ను నేను తిట్టుకున్నాను. మడచెట్ల గీత అల మీదికి ఎక్కినప్పుడు మాత్రమే కనబడుతోంది.

ఆ సమయంలో అక్కడ జరిగింది నాకు తర్వాత అన్న చెప్పాడు.

అన్న నలుగురితో తేలాడు. నెత్తిన తన తెల్ల పడవ బదులు లా తెర్కా ఉంది. నాన్న చెయ్యి చాచి సిలిండరు అందుకోబోయాడు, పద్దెనిమిదేళ్ళు అందుకున్నట్టే. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. నవంబరు నుంచి మాట లేదు.

"నాన్నా, చెల్లేదీ?" అన్నాడు అన్న.

నాన్న చాచిన చెయ్యి అలాగే ఉండిపోయిందట.

హోటలు పడవవాడు అటునుంచి, "కొడుకుని చూసుకోవడానికి వచ్చావనుకున్నా పెద్దాయనా, మధ్యలో నేనెందుకని పక్కకు జరిగా," అన్నాడు. అన్న తన మనుషుల్ని ఆ పడవలోకి ఎక్కించి, తను మా పడవ పట్టుకుని పైకి లాక్కున్నాడు. రేడియోలో అన్ని పడవలకూ చెప్పాడు. "గోడ బయట పోయుంటారు. టేకులు కనబడితే అది ఆగదు. బయట నీళ్ళు ఈశాన్యానికి తిరుగుతాయి, అటు పోనీ," అని నాన్నకు చెప్పాడు. నాన్న నోరెత్తకుండా పోనిచ్చాడు. మా నాన్న ఇంకొకరు చెప్పిన దిక్కుకు చుక్కాని తిప్పడం అదే మొదటిసారి.

మాకు మొదట ఇంజను చప్పుడు వినబడింది. లా తెర్కా ఇంజను దగ్గుతుంది, ఏ పడవా అలా దగ్గదు. అల మీదికి ఎక్కేసరికి పడవ మూతి సూటిగా మా వైపే ఉంది. కప్పు మీద నాన్న నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. కింద అన్న నడుపుతున్నాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది అంటారే, నిజంగానే కాళ్ళలోంచి పైకి వచ్చింది. నేను బావురుమని ఏడ్చాను.

మేం నీళ్ళలో గంటా ఇరవై నిమిషాలు ఉన్నామట. నాకు లెక్క తెలియలేదు.

టీచరమ్మల్ని ముందు ఎక్కించారు. ఒబ్దూలియా తువ్వాలు చుట్టుకుంటూనే, "ఇరవై రెండు, విల్బెర్! నీ చెల్లెలు చూపించింది!" అని అరిచింది. అన్న నన్ను చంకల కింద చేతులేసి లాగి, పడవ నేల మీద కూలేసి, నెత్తిన ఒక్కటి మొట్టాడు.

"గొట్టం ఎందుకు వదల్లేదే గాడిదా?"

"నువ్వు వదిలావా ఎప్పుడైనా?"

"హోటల్లో రోజూ వదుల్తన్నా!" అన్నాడు. అనేసి నాన్న వైపు చూశాడు.

నాన్న కప్పు దిగి వచ్చాడు. నా ఎదురుగా గొంతుక్కూచున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, నాకూ తిరిగి అనడానికి వీలుండేది.

"రెండు గుంపుల బుడగలు వచ్చినయ్యే," అన్నాడు. "ఒకటి లోపలకి, ఒకటి బయటకి. ఒక పెద్దది, రెండు చిన్నవి. అవి కనబడినయ్. చెయ్యి దానంతటదే తిప్పేసింది. నా మనుషులు నా కిందే ఉన్నారనుకున్నా. వాడు తేలేదాకా... నువ్వున్నావని..."



"నా బుడగలు ఎట్టా ఉంటాయో నీకు తెలీదా నాన్నా?"



"తెలీవే," అన్నాడు.

అంతే. ఆ మాట వినగానే నాలో రెండు నెలలుగా బిగుసుకున్నదేదో వదిలింది. ఎందుకో తెలియదు. అబద్ధం చెప్పలేదు కదా, అందుకేనేమో.

రేవుకు వచ్చేసరికి కబురు ముందే చేరింది. అమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. నన్ను తడిమి చూసి, అన్నను తడిమి చూసి, నాన్నతో, "ఇద్దర్నీ తెచ్చావ్. పద, కూడు తిందువుగాని," అంది. అమ్మ పెట్టింది సోమవారపు చిక్కుళ్ళ గిన్నె కాదు కానీ, అన్న వేయించిన చేపతో ఇంత అన్నం కలుపుకుని మా వంటింట్లో తిన్నాడు. అన్నను తిరిగి పడవలోకి రమ్మని నాన్న అడగలేదు, వస్తానని అన్నా అనలేదు. ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో నాన్న పిల్లనెత్తుకుని, హోటలు వాళ్ళు ఇప్పించిన ఏసీ గది చల్లగా ఉందని ఒప్పుకున్నాడు. అంతకంటే ఆయన నుంచి ఎవరూ ఆశించలేదు.

అంతకు ముందు ఒక ఆదివారం ఉంది. మా ప్రమాదం జరిగిన నాలుగో రోజు. పడవలకు సెలవు. పొద్దున్న కాఫీ తాగుతుండగా నాన్న వచ్చి, "ఒక సిలిండరు తీసుకుని రా," అన్నాడు. ఎందుకని అడగలేదు. రేవు చివర, గొంతు లోతుకు నాలుగింతలుండే చోట లా తెర్కాను కట్టాడు.

"దిగి కింద కూచో."

"కూచుని?"

"ఊపిరి తీసుకో. ఇంకేం చెయ్యకు."

దిగాను. ఇసుక మీద పద్మాసనం వేసి కూచున్నాను. నన్ను చూసి ఒక చిన్న పీత పారిపోయింది. పైన పడవ అంచు నుంచి నాన్న కాళ్ళు రెండూ నీళ్ళలోకి వేలాడుతున్నాయి, ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఉంది. కాళ్ళు కదలడం లేదు. ఊపిరి తీశాను, వదిలాను. అరగంట. ముప్పావు గంట. చలేసింది, పైకి వచ్చాను.

"ఎందుకొచ్చావ్? అయిపోలేదు."

"ఎంతసేపు నాన్నా?"

"వాడివి నేర్చుకోడానికి ఏడాది పట్టింది. నోరు మూసుకుని దిగు." నేను మాస్కు సర్దుకుంటుంటే, నా వైపు చూడకుండా, "వదిలేముందు కాస్త ఆగుతావ్," అన్నాడు. "మీ అమ్మ కూడా అంతే, మాటనేముందు. తర్వాత సన్నగా, తెగకుండా వస్తాయ్. చివర్న ఒక్కటే ఉంటది, అన్నిటికన్నా బుల్లిది. ఆలస్యంగా వస్తది. అది చూడకుండా నేను పోతన్నా ఇన్నాళ్ళూ."

మళ్ళీ దిగాను. ఇసుక మీద కూచున్నాను. ఆగాను, సన్నగా వదిలాను, చివరి బుల్లిదాన్ని కూడా వదిలాను. అది ఊగుతూ పైకి పోయి నాన్న అరికాలి పక్కన పగిలింది. ఆ తర్వాత నాకు ఏడుపొచ్చింది. పైకి తెలియకూడదని గట్టిగా ఊపిరి బిగబట్టి, మెల్లమెల్లగా, ఎప్పటిలాగే వదిలాను. చివరి బుల్లిది మాత్రం రాలేదు.

పైన కాళ్ళు గబుక్కున నీళ్ళలోంచి లేచాయి. పడవ అడుగు మీద పిడికిలితో మూడుసార్లు గట్టిగా కొట్టాడు. నేను తల తిప్పి చూసేలోపే, చొక్కాతో సహా, నీళ్ళలోకి దూకాడు.